అత్తగారి నిద్రమాత్ర మీరు వేసుకోకండి

ప్రశ్న: నా వయసు 43. మాది అనంతపురం. మామగారు పక్షవాతంతో ఏడాదిగా మంచంలో ఉన్నారు. అత్తగారికి షుగర్. మా ఆయన ఉద్యోగం బెంగళూరులో, శని ఆదివారాలు వస్తారు. పాప ఇంటర్, బాబు పదో తరగతి. రాత్రి మామగారిని పక్కకు తిప్పడానికి లేస్తే మళ్లీ నిద్ర పట్టదు. అత్తగారికి డాక్టర్ రాసిన నిద్రమాత్ర (0.25) మూడు నెలలుగా నేనూ వేసుకుంటున్నాను. అది చాలక ఇప్పుడు 0.5 తెప్పించుకుంటున్నాను. గుండె దడ, తలనొప్పి. పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను. టెన్షన్ తగ్గాలంటే ఏ ఆసనాలు వేయాలి?

జవాబు: ఆసనాల సంగతి తర్వాత. ముందు ఆ మాత్ర సంగతి చూద్దాం. పేరు రాయలేదు కానీ, డోసును బట్టి ఆల్ప్రాజోలం గానీ క్లోనాజెపాం గానీ అయి ఉండవచ్చు. రెండూ అలవాటు పడే మందులే. మొదట్లో 0.25 సరిపోయింది, ఇప్పుడు దానికి రెట్టింపు కావాల్సి వస్తోందంటే శరీరం దానికి అలవాటు పడుతోందన్నమాట. అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే వణుకు, విపరీతమైన ఆందోళన, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. ఈ వారంలోనే మాత్రల షీటు పట్టుకుని ఫిజీషియన్‌ను గానీ సైకియాట్రిస్టును గానీ కలవండి. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోనూ చూపించుకోవచ్చు.

ఆల్ప్రాజోలం 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో, అంటే అమ్మకంపై గట్టి నిబంధనలున్న మందుల జాబితాలో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే రోగి పేరు, డాక్టర్ పేరు రిజిస్టరులో రాయాలి. అయినా తెలిసిన షాపులో పాత చీటీ చూపిస్తే ఇచ్చేస్తున్నారు. చదువుకున్న మీరు కూడా ఇలా చేస్తే ఎలాగమ్మా? ఆ మత్తులోనే అర్ధరాత్రి లేచి బరువైన మనిషిని ఒంటరిగా తిప్పుతున్నారు. ఇద్దరూ పడిపోయే ప్రమాదం ఉంది. అన్నట్టు, అత్తగారికి ఈ మందు ఇంకా అవసరమా అన్నది కూడా అడగండి. పెద్దవాళ్లు దీని మత్తులో బాత్‌రూమ్‌కు వెళ్తూ పడి తుంటి విరగ్గొట్టుకుంటారు.

ఇక గుండె దడ. అంతా టెన్షన్ అని సరిపెట్టుకోకండి. మీ వయసులో రక్తహీనత, థైరాయిడ్, నెలసరి మార్పులు కూడా కారణం కావచ్చు. బీపీ చూపించుకోండి. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్ పరీక్షలు, ఒక ఈసీజీ చేయించండి. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంటే ఆ విషయం తప్పకుండా చెప్పండి. తలనొప్పికి నొప్పి బిళ్లలు కూడా సొంతంగా మింగుతుంటే ఆపండి, వాటిలో చాలావాటివల్ల బీపీ పెరుగుతుంది. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే మాత్రం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

పిల్లల మీద అరుస్తున్నందుకు తప్పు చేసినట్టు బాధపడకండి. ఏడాదిగా కంటినిండా నిద్ర లేని మనిషి అలాగే ఉంటుంది. కానీ రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, దానికి మంచి చికిత్స ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అదే రోజు ఇంట్లో చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మీ ఆయన వచ్చిన రెండు రాత్రులూ మామగారి పని పూర్తిగా ఆయనకే అప్పగించండి. మీరు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోండి. డాక్టర్ దగ్గరికి కూడా ఆయన్ని వెంట తీసుకెళ్లండి, ఇంట్లో ఏం జరుగుతోందో ఆయన స్వయంగా వినాలి. వీలైతే రాత్రి ఆయా కోసం కూడా మాట్లాడుకోండి. అది దుబారా ఖర్చు కాదు, మామగారి వైద్యంలో భాగమే.

ఆసనాలంటారా, బీపీ తెలిసేదాకా తలకిందులుగా వేసేవి వద్దు. పది నిమిషాలు నెమ్మదిగా శ్వాస తీసి వదలండి, సాయంత్రం కాసేపు నడవండి. కాఫీ, టీ మధ్యాహ్నం తర్వాత తాగకండి. మిమ్మల్ని చూడకుండా ఇంతకంటే చెప్పలేను, మందు మార్పులు మాత్రం మీ డాక్టరే చేయాలి.