పెరటి కోళ్ల మేతకు వాలే పిచ్చుకలు, కాకులు, కొంగలు – ఏం చేయాలి?

ప్రశ్న: మాది ఏలూరు జిల్లా కైకలూరు దగ్గర పల్లె. ఇంటి వెనక మామిడి చెట్ల కింద నాటు కోళ్లు, వనరాజా కోళ్లు కలిపి పెంచుతున్నాను. పొద్దున్నే నూకలు, మొక్కజొన్న రవ్వ చల్లితే చాలు, పిచ్చుకలు, గోరింకలు, గువ్వలు, కాకులు వాలిపోతున్నాయి. చేపల చెరువు గట్టు మీది కొంగలు నీళ్ల తొట్టె దాకా వస్తున్నాయి. పోయిన నెలలో ఆకుపచ్చగా పారి, మెడలు వంకర తిరిగి 22 కోళ్లు చనిపోయాయి. ఇప్పుడు 90 ఉన్నాయి. చచ్చిన కాకిని గుంజకు వేలాడదీస్తే ఏ పక్షీ రాదని కొందరు, గింజల్లో గుళికల పురుగుమందు కలిపి పెట్టమని కొందరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ రెండు సలహాలూ పక్కన పెట్టేయండి. ఇప్పటికే కాకిని కట్టి ఉంటే, చేతికి కవరు తొడుక్కుని ఈ రోజే తీసేయండి.

కాకి ఎందుకు చచ్చిందో మనకు తెలియదు. బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఊళ్లలో రాలిపడే పక్షుల్లో కాకులు కూడా ఉంటాయి. అలాంటి దాన్ని తెచ్చి మేత చల్లే చోట కడితే జబ్బును మనమే పెరట్లోకి మోసుకొచ్చినట్టు. ఒక కాకి చస్తే మిగతావి ఊరుకోవు, చుట్టూ చేరి గోల చేస్తాయి. ఆ గోలలో రెట్టలు మీ కోళ్ల మీదే పడతాయి. ఇక గుళికల గింజ పిచ్చుకకు వేరు, కోడికి వేరు అని ఉండదు. మీ కోడి తింటుంది, చచ్చిన పక్షిని పీకి మీ కుక్క తింటుంది, పిల్లలు పట్టుకుంటారు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, ఆ గింజలకు వాలే రామచిలుకల్లాంటి పక్షులను చంపడం నేరం.

చనిపోయిన 22 కోళ్ల సంగతికి వస్తాను. మీరు రాసిన లక్షణాలు కొక్కెర తెగులుకు (రాణిఖేత్ జబ్బుకు) దగ్గరగా ఉన్నాయి. పరీక్ష చేయకుండా గట్టిగా చెప్పను. దీన్ని పావురాలు, పిచ్చుకలు మోయగలవు, నిజమే. కానీ నేను చూసినంతలో పెరటి కోళ్లకు ఇది ఎక్కువగా సంతలో కొన్న కోడి ద్వారానో, పక్కింటి జబ్బు కోళ్ల ద్వారానో వస్తుంది. అందుకని వల కట్టి, టీకా మానేస్తే లాభం లేదు. కోడిపిల్లలకు 5–7 రోజుల వయసులో లసోటా టీకా కంట్లో చుక్క, నాలుగు వారాలకు మళ్లీ లసోటా, ఎనిమిది వారాలకు ఆర్2బి టీకా సూది, తర్వాత ఆరు నెలలకోసారి ఆర్2బి. టీకాను ఐస్‌లో తేవాలి, కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. ఆరోగ్యంగా ఉన్న కోళ్లకే వేయించండి. కొత్త కోడిని కొంటే మూడు వారాలు విడిగా ఉంచి చూశాకే మందలో కలపండి.

మీరుండేది కొల్లేరు పక్కన. అక్టోబరు నుంచి మార్చి దాకా వలస బాతులు, నీటి పక్షులు దిగే ప్రాంతం. బర్డ్ ఫ్లూ వైరస్ సహజంగా ఈ నీటి పక్షుల్లోనే తిరుగుతుంది. చల్లని, తడి రెట్టలో చాలా రోజులు బతుకుతుంది. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ వచ్చి ఏం జరిగిందో మీకు తెలిసే ఉంటుంది. భోపాల్ ల్యాబులో నిర్ధారణ కాగానే చుట్టూ కిలోమీటరు పరిధిలో కోళ్లను తీసేయాల్సి వస్తుంది. అందులో పెరటి కోళ్లకూ మినహాయింపు ఉండదు. అందుకే మీ ఉత్తరంలో నాకు పిచ్చుకల కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది నీళ్ల తొట్టె దగ్గరికి వస్తున్న కొంగలు.

పెరట్లో తిరిగే కోడిని బయటి పక్షుల నుంచి పూర్తిగా వేరు చేయలేం. రెండూ ఒకే కంచంలో తినకుండా, ఒకే తొట్టెలో తాగకుండా మాత్రం చేయగలం. అది చాలు, చాలా ముప్పు తప్పుతుంది.

ఒకసారి మీలాంటి పెరట్లోనే పొద్దున ఆరింటికి కూర్చుని చూశాను. ఇంటావిడ ఇంకా గుమ్మం దాటలేదు. కరెంటు తీగ మీద పిచ్చుకలు అప్పటికే వరసగా ఉన్నాయి. ఆవిడ లోపల నూకల డబ్బా మూత తీసిన చప్పుడు వినగానే తీగ ఖాళీ అయింది, నేల నిండింది. కోళ్లు ఆ తర్వాత వచ్చాయి. రోజూ అదే వేళకు, అదే చోట, అదే చప్పుడుతో మనమే వాటిని పిలుస్తున్నాం. కాబట్టి పక్షుల్ని తరిమే పని పెట్టుకోకండి, మేత పెట్టే తీరు మార్చండి.

మొదటిది, నేల మీద చల్లడం ఆపండి. చల్లిన గింజలో కొంత మట్టిలోనే ఉండిపోతుంది, దానికోసం బయటి పక్షులు రోజంతా తచ్చాడుతూనే ఉంటాయి. కోళ్లు పడుకునే పాకలోనే తొట్టెలు పెట్టండి. ఒక్కో కోడికి నాలుగు అంగుళాల చోటు కావాలి. మీ 90 కోళ్లకు రెండు వైపులా నిలబడి తినేలా ఐదడుగుల తొట్టెలు మూడు సరిపోతాయి. తొట్టె అంచు కోడి వీపు ఎత్తున ఉండాలి, మేత మూడో వంతు దాకే పోయాలి. నిండుగా పోస్తే కోడి ముక్కుతో చిమ్మేస్తుంది. రెండు పూటలా అరగంటలో తినేసేంతే వేయండి. మిగిలింది ఎత్తి మూత ఉన్న డ్రమ్ములో పోయండి, కింద రాలింది ఊడ్చేయండి.

ఎక్కువ మేత సాయంత్రం వేయమని నా సలహా. పొద్దు వాలేసరికి కాకులు, పిచ్చుకలు గూళ్లకు మళ్లుతాయి, మీ కోళ్లు మీ పాకకు మళ్లుతాయి. పాకలో మేత ఉందని తెలిస్తే చెట్టెక్కి పడుకునేవి కూడా లోపలికి వస్తాయి. మొదటి నాలుగు రోజులు పొద్దున కోళ్లు గుమ్మం దగ్గర చేరి అరుస్తాయి. జాలిపడి మళ్లీ గుప్పెడు చల్లారంటే కథ మొదటికొస్తుంది.

పాకకు పక్కల వైరు మెష్ కొట్టించండి. అంగుళం కన్నం ఉన్నది కొనకండి, సన్న పిచ్చుకలు, జీనువాయిలు దూరతాయి. ముప్పావు అంగుళం పిచ్చుకను ఆపుతుంది, అర అంగుళమైతే చిన్న పిట్టలతో పాటు పెద్ద ఎలుకలూ ఆగుతాయి. మెష్‌కు డబ్బు సర్దుబాటు కాకపోతే, మీ వైపు రొయ్యల చెరువుల మీద కట్టే పక్షుల వల వాడుకోవచ్చు. దాన్ని బిగుతుగా లాగి కట్టాలి. వదులుగా వేలాడితే పిట్టలు, పాములు చిక్కి చస్తాయి, రోజూ తీయలేక మీకే విసుగొస్తుంది. చూరు కింద సందులు మర్చిపోవద్దు, పిచ్చుకలు దూరేది అక్కడి నుంచే. పాకలో గూడు పెడితే వాటి పేలు కోళ్లకు అంటుకుంటాయి. గుడ్లు, పిల్లలు లేని సమయం చూసి గూళ్లు తీసి, ఆ సందులు మూసేయండి.

నీళ్ల తొట్టె కూడా పాకలోకి మార్చండి, లేదా కోడి ముక్కుతో పొడిస్తే చుక్కలుగా నీళ్లొచ్చే నిపిల్ పైపు పెట్టించండి. చెరువు నీళ్లు, కాలవ నీళ్లు నేరుగా పోయకండి. వెయ్యి లీటర్లకు 5 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ లెక్కన కలిపి, గంట ఆగి వాడండి. నీళ్లలో టీకా ఇచ్చే రోజు మాత్రం బ్లీచింగ్ కలపకూడదు. చెరువు గట్టు మీద తిరిగిన చెప్పులతో పాకలోకి వెళ్లకండి, లోపలికి వేరే జత పెట్టుకోండి.

పాత సీడీలు, మెరిసే రిబ్బన్లు, దిష్టిబొమ్మలు కొద్ది రోజులే పనిచేస్తాయి. తర్వాత పిచ్చుకలు దిష్టిబొమ్మ చెయ్యి మీదే కూర్చుంటాయి.

మీ ఇళ్లలో పిచ్చుకల కోసం చూరుకు వరి కుచ్చులు కట్టే అలవాటు ఉంటే దాన్ని మానొద్దు. నాకూ ఇష్టమైన అలవాటు అది. కుచ్చును వీధి వైపు కట్టండి, పెరటి వైపు వద్దు.

ఇక ముందు ఏ లక్షణమూ కనబడకుండా ఒకేసారి నాలుగైదు కోళ్లు చనిపోయినా, జుట్టు నీలంగా మారినా, తల వాచినా, చుట్టుపక్కల కాకులు, కొంగలు చచ్చి పడినా ముట్టుకోకండి. కోయకండి, కాలవలో వేయకండి, మిగిలినవాటిని అమ్మకండి. ఏదైనా గంప బోర్లించి కుక్కలు లాక్కెళ్లకుండా చూసి, వెంటనే మీ పశువైద్యశాలకు గానీ, 1962 నంబరుకు గానీ చెప్పండి. మెడలు వంకర తిరిగిన కోడి ఇప్పుడు ఇంకొకటి ఉన్నా సరే, డాక్టరుకు చెప్పి పరీక్ష చేయించండి. కొక్కెర తెగులో కాదో తేలాకే మిగిలిన 90 కోళ్లకు టీకా ఎప్పుడు వేయించాలో ఆయన్ని అడిగి నిర్ణయించుకోండి.