కీళ్లవాతంతో కాపురం: పాపకు పెద్దమ్మ ఉత్తరం

పాపా,

నీ రిపోర్టు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ముప్పై దాటీ దాటకముందే ముసలివాళ్ల జబ్బు ఎందుకొచ్చింది అక్కా అని. ఇది ముసలివాళ్ల జబ్బు కాదని ఆమెకు చెప్పాను, నీకూ చెబుతున్నా. వయసుతో మోకాళ్లు అరగడం వేరు, నాకున్నదీ నీకొచ్చిందీ ఈ రుమటాయిడ్ కీళ్లవాతం వేరు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఎదురు తిరిగి కీళ్ల లోపలి పొర మీద పడుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకే రెండు మూడింతలు ఎక్కువగా వస్తుంది. నువ్వేదో తినకూడనిది తిన్నందుకు వచ్చింది కాదు, ఆ దిగులు పెట్టుకోవద్దు.

ముందు మందు సంగతి, ఎందుకంటే ఇందులో తమాషా లేదు. నీకు రాసిన మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఏ రోజో డాక్టరుతో చీటీ మీదే రాయించుకో. నీకు ఆదివారం సెలవు కాబట్టి శనివారం రాత్రి బాగుంటుంది, మర్నాడు కడుపులో తిప్పినా పడుకోవచ్చు. శనివారం ఒక్కపొద్దు ఉంటావు కదా, ఖాళీ కడుపుతో వద్దు, నాలుగు ఇడ్లీలు తిన్నాకే మింగు. ఫోలిక్ యాసిడ్ ఏ రోజు చెబితే ఆ రోజు వేసుకో. గుణం కనిపించడానికి వారాలు పడుతుంది, రెండు మూడు నెలలు కూడా పట్టొచ్చు. పనిచేయలేదని నీ అంతట నువ్వు మానెయ్యొద్దు. ఇంకో బిడ్డను కనాలనుకుంటే మాత్రం ముందుగానే డాక్టరుకు చెప్పాలి, ఆ మందు మీద ఉండగా గర్భం రాకూడదు.

ఇక నేను నిజంగా చెప్పాలనుకున్నది. ఈ జబ్బు బయటికి కనపడదు. ముఖం బాగుంటుంది, చీర బాగుంటుంది, కానీ పొద్దున జాకెట్ హుక్ పెట్టుకోవడానికి వేళ్లు వంగవు. నీకేమైందో నువ్వు చెప్తేనే ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. రోజూ నొప్పి నొప్పి అంటుంటే వినేవాళ్లకూ బరువే, చెప్పే మనకూ బరువే. అందుకే మా ఇంట్లో తిరుమల కొండ మెట్ల లెక్క పెట్టుకున్నాం. పొద్దున మీ పెదనాన్న "ఈరోజు ఎక్కడున్నావు?" అంటాడు. "అలిపిరి" అన్నానంటే హాయిగా ఉన్నాను, అన్ని పనులూ నావే. "గాలిగోపురం" అంటే ఆయాసంగా ఉంది, బట్టలు ఆరెయ్యడం ఆయన వంతు. "మోకాళ్ల పర్వతం" అంటే ఎవరూ నన్ను కదిలించొద్దు, కాఫీ ఇక్కడికే తెచ్చివ్వండి. రామానుజులవారు మోకాళ్ల మీద ఎక్కారని చెప్పుకునే చోటు గదా, మా మనవడు వెంటనే దండం పెట్టి వెళ్లిపోతాడు. నవ్వూ వచ్చింది, పనీ జరిగింది. మీరూ ఇలాంటిదొకటి పెట్టుకోండి. మీ ఆయనకు క్రికెట్ పిచ్చి కాబట్టి ఆ భాషలోనే పెట్టుకున్నా సరే.

సలహాలిచ్చేవాళ్లు వస్తారు, సిద్ధంగా ఉండు. మన వైపు మొదటి మాట పుత్తూరు. చిత్తూరులో ఒక పెళ్లిలో మన మామ వరసాయన పట్టుకున్నాడు, పుత్తూరుకు పో, కట్టు కట్టించుకో అని. పుత్తూరు కట్టు ఎముక విరిగినవాళ్లకు, నాకు విరిగిందేమీ లేదు. అది చెబితే ఆయన వినడు. "అన్ని కీళ్లకూ కట్టు కడితే నన్ను మూటగట్టి బస్సు పైనేసి తేవాలి మామా" అన్నాను. భోజనాల బంతిలో అందరూ పడీపడీ నవ్వారు. ఆయనే లేచిపోయి నాకు కుర్చీ తెచ్చి వేశాడు. కింద కూర్చోలేనని నేను అడగనే లేదు పాపా! అదే వాదనకు దిగి ఉంటే కుర్చీ వచ్చేది కాదు, మాటలు వచ్చేవి.

పేరు లేని పొడులు, కషాయాలు ఎవరిచ్చినా నవ్వుతూనే తీసుకుని పక్కన పెట్టెయ్. అలాంటి కొన్నింటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రెండు రోజులు నొప్పి మాయమై, తర్వాత ఒళ్లు ఉబ్బుతుంది.

ఎక్కడ నవ్వాలో ఎంత ముఖ్యమో ఎక్కడ నవ్వకూడదో అంతే ముఖ్యం. డాక్టరు ముందు నవ్వుతూ "పర్లేదు సార్" అనకు. సుప్రభాతం పెట్టుకుని లేచేదానివి కదా, లేచిన టైమూ, పిడికిలి పూర్తిగా ముడవగలిగిన టైమూ కాగితం మీద రాసుకుని తీసుకుపో. ఏ కీళ్లు వాచాయో రాసుకో. గంట దాకా బిగుసుకునే ఉన్నాయంటే అది డాక్టరుకు చాలా ఉపయోగపడే మాట. మందు తింటూ జ్వరం వస్తే పారాసిటమాల్ మింగి ఊరుకోకుండా డాక్టరుకు ఫోన్ చెయ్.

నీ జబ్బు మీద నువ్వు జోకు వేసుకుంటే సరే. వేరేవాళ్లు వేస్తే నవ్వాల్సిన పని లేదు. ఆఫీసులో "ఏంది అవ్వా, మెట్లెక్కలేవా" అన్నవాడిని మొహం మీదే అడిగెయ్. ఏడుపొస్తే ఏడు, నా దగ్గరికొచ్చి ఏడువు. రోజంతా నవ్వుతూనే ఉండాలని నేను ఎప్పుడూ చెప్పను.

ఇంట్లో తిప్పే కుళాయిలు తీయించి, మోచేత్తో నెట్టే రకం పెట్టించు. జాకెట్లకు ముందువైపు హుక్కులు కుట్టించు. పొద్దున వేడినీళ్లలో చేతులు ముంచి, నెమ్మదిగా వేళ్లు ఆడించాకే దోసెల పెనం పట్టుకో. బాగున్న రోజు పనంతా ఒక్కసారే చేసెయ్యాలనిపిస్తుంది, ఆ ఆశను కాస్త ఆపుకో. లేకపోతే మర్నాడు మంచమే.

వచ్చే నెల రక్తపరీక్షకు పోయేటప్పుడు నేనూ వస్తాను. పొద్దున్నే వెళ్దాం, మధ్యాహ్నానికి రద్దీ ఎక్కువవుతుంది. పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒకే ఫైల్లో పెట్టి ఉంచు, మీ అమ్మ చేతికి మాత్రం ఇవ్వొద్దు, బియ్యం డబ్బాలో దాచేస్తుంది.

నీ పెద్దమ్మ,
తిరుపతి