మూడో రోజుకే ఆగిపోయిన టైంటేబుల్: డిప్రెషన్‌లో ఏ అలవాటు ముందు?

ప్రశ్న: నా వయసు 44. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తాగా లెక్కలు రాస్తాను. బ్రాడీపేటలో అద్దెకుంటున్నాం. దాదాపు ఎనిమిది నెలలుగా దేని మీదా మనసు పోవడం లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది, ఇక నిద్ర పట్టదు. సైకియాట్రిస్టు డిప్రెషన్ అని చెప్పి రోజుకో మాత్ర రాశారు. ఐదు వారాలైంది, కాస్త తేలిక అనిపిస్తోంది. త్వరగా బయటపడాలని వీడియోలు చూసి ఒక టైంటేబుల్ రాసుకున్నాను. నాలుగున్నరకు లేవడం, గంట నడక, యోగా, ప్రాణాయామం, ధ్యానం, కృతజ్ఞతల డైరీ, అరగంట పుస్తకం, తొమ్మిదింటికి పడక. మూడో రోజుకే ఆగిపోయింది. ‘మనసు గట్టి చేసుకోవాలండీ’ అంటుంది మా ఆవిడ. నిద్ర కోసం వారంలో రెండు మూడు రాత్రులు రెండు పెగ్గులు వేసుకుంటున్నాను. నాలో క్రమశిక్షణ లేకపోవడమే అసలు జబ్బా? మాత్రలు మానేసి అలవాట్లతోనే బాగుపడొచ్చా? ఒక పూట మాత్ర మరిచిపోతే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ టైంటేబుల్ రెండుసార్లు చదివాను. నేనైతే రెండో రోజుకే ఆగిపోయేవాణ్ణి, అదీ ఏ జబ్బూ లేకుండానే. డిప్రెషన్ ముందుగా మింగేసేది ఓపికను, ఉత్సాహాన్ని. ఆ రెండూ అడుగంటిన మనిషి ఆరోగ్యంగా ఉన్నవాడికే కష్టమైన పని పెట్టుకుని, అది కుదరకపోతే ‘నాకు క్రమశిక్షణ లేదు’ అని ఇంకో నింద నెత్తిన వేసుకుంటున్నాడు. మీకు జరిగింది అదే. పైగా తనను తాను ఇలా నిందించుకోవడం కూడా ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి.

తేమతో వచ్చిన కాయకు ధర ఎలా తెగుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. త్వరగా ఎండాలని పచ్చికాయను కల్లంలో మోకాలెత్తు కుప్ప పోసే రైతు ఉండడు. లోపల ఆవిరి పట్టి బూజొస్తుంది. పలచగా ఆరబోసి, రోజూ తిరగేసి, ఎండ చేసే పనికి టైమిస్తాడు. మీరు ఎనిమిది అలవాట్లు ఒకేసారి కుప్ప పోశారు.

టైంటేబుల్ సంగతికి వచ్చేముందు మాత్రల సంగతి. మానకండి. డిప్రెషన్ మాత్రలు పని మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పూర్తి ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఐదో వారంలో కాస్త తేలిక అనిపిస్తోందంటే మందు పడుతోందనే అర్థం. డిప్రెషన్ తేలికపాటిగా ఉన్నప్పుడు కౌన్సెలింగ్, వ్యాయామంతోనే తగ్గేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ ఎనిమిది నెలలుగా నలుగుతూ, నిద్ర కూడా చెడిన మీలాంటివారికి అలవాట్లు మందుకు తోడు మాత్రమే. పూర్తిగా బాగైందనిపించాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. లేకపోతే తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఆ తర్వాత కూడా డాక్టరే మోతాదు మెల్లగా తగ్గించి ఆపుతారు. ‘అలవాటు పడిపోతాం’ అన్న భయం మన దగ్గర చాలా ఉంది. మద్యంలా, పొగాకులా వీటి కోసం ఒళ్లు లాగదు. కాకపోతే ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు, ఒళ్లు ఝల్లుమనడం లాంటివి కొన్నాళ్లు ఉండొచ్చు.

చాలామంది మగవాళ్లు చెప్పకుండా మాత్ర ఆపేసే కారణం ఇంకొకటుంది. కొన్ని మాత్రలు దాంపత్య జీవితంలో ఇబ్బంది తెస్తాయి. మీకు అలాంటిది ఉంటే సిగ్గుపడకుండా డాక్టరుతో చెప్పండి. మోతాదో మందో మార్చే వీలుంటుంది.

ఇక మీ కాగితం మీద ఎర్ర పెన్ను పెడుతున్నాను.

నాలుగున్నర కొట్టేశాను. మూడింటి నుంచి మేలుకుని ఉన్నవాడికి నాలుగున్నర అలారం ఎందుకండీ? ఆరు చాలు. సెలవైనా, రాత్రి ఎంత ఆలస్యమైనా, నిద్ర పట్టకపోయినా ఆరింటికే మంచం దిగాలి. తొమ్మిదింటికి పడక కూడా కొట్టేశాను. నిద్ర రాకుండా పడుకుంటే మంచం మీద ఆలోచనలే తిరుగుతాయి. పడుకునే టైము మన చేతిలో పూర్తిగా ఉండదు, లేచే టైము ఉంటుంది. అది స్థిరపడితే రెండోది కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. మూడింటికి మెలకువ వచ్చినప్పుడు గడియారం చూడకండి, ఫోన్ అసలు ముట్టకండి. ఓ ఇరవై నిమిషాలు గడిచాయనిపించినా నిద్ర రాకపోతే లేచి, చిన్న లైటు వెలుతురులో కూర్చుని, మళ్లీ కళ్లు మూతలు పడుతుంటే వచ్చి పడుకోండి. ఆ వేళలో వచ్చే ఆలోచనలన్నీ మామూలు కంటే నల్లగా ఉంటాయి. అప్పు గురించి గానీ, ఉద్యోగం గురించి గానీ మూడింటప్పుడు ఏ నిర్ణయమూ తీసుకోకండి.

ఆ మెలకువలో మీ రెండు పెగ్గుల వాటా కూడా ఉంది. మన భాషలో ‘మందు’ అన్న ఒకే మాట రెండింటికీ వాడతాం, దాంతో చాలా ఇళ్లలో లెక్క తప్పుతోంది. మద్యం త్వరగా మత్తు తెస్తుంది నిజమే. కానీ అది ఒంట్లో కరిగిపోయే కొద్దీ రాత్రి రెండో సగం నిద్ర ముక్కలవుతుంది. అంటే సరిగ్గా మీకు మెలకువ వస్తున్న వేళకి. మర్నాడు దిగులూ పెంచుతుంది, మీరు వేసుకుంటున్న మాత్రతో కలిస్తే మగత కూడా ఎక్కువవుతుంది. వారంలో రెండు మూడు రోజులే అన్నారు కాబట్టి ఇవాళే ఆపేయొచ్చు. (రోజూ ఎక్కువగా తాగే అలవాటున్న పాఠకులు మాత్రం డాక్టరును అడగకుండా ఒక్కసారిగా ఆపొద్దు, అది ప్రమాదకరం.)

టీ గురించి మీరు రాయలేదు గానీ యార్డులో పనంటే రోజుకు ఎన్ని గ్లాసులో నేను ఊహించగలను. ఒకసారి తాగిన టీలోని కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండు దాటాక టీ వద్దు. టీ బంకు దగ్గరికి వెళ్లడం మాత్రం మానకండి. నలుగురితో నిలబడి రెండు మాటలు మాట్లాడే చోటు అదొక్కటే మిగిలి ఉండొచ్చు. వాళ్లు టీ తాగుతారు, మీరు మజ్జిగ తాగండి.

గంట నడకను పది నిమిషాలు చేశాను. ఎన్టీఆర్ స్టేడియం దాకా వెళ్లి రౌండ్లు కొట్టనక్కర్లేదు. అక్కడ చురుగ్గా నడిచేవాళ్లను చూస్తే మీకు ఇప్పుడు నీరసం తప్ప ఏమీ రాదు. బ్రాడీపేటలో లైన్లకు నంబర్లే కదా పేర్లు. ఈ వారం మీ లైను చివరిదాకా వెళ్లి రండి. వచ్చే వారం ఇంకో లైను కలపండి. ఆరింటికి లేచాక, ఎండ చురుక్కుమనక ముందు, మొహాన వెలుతురు పడేలా నడవాలి. పొద్దుటి వెలుతురు ఒంట్లోని గడియారాన్ని సరిచేస్తుంది, నిద్రకు అది నేరుగా మేలు. వారానికి 150 నిమిషాల వ్యాయామం అని మీరు విని ఉంటారు. మంచి లెక్కే, అక్కడికి రెండు మూడు నెలల్లో చేరదాం.

ఇక్కడే అసలు కిటుకు. ‘బుద్ధి పుడితే వెళ్తాను’ అని కూర్చుంటే డిప్రెషన్‌లో బుద్ధి పుట్టదు. మామూలుగా ఇష్టం ముందు, పని తర్వాత. ఈ జబ్బులో వరస తిరగబడుతుంది. ఏ ఇష్టమూ లేకుండానే చెప్పులేసుకుని గేటు దాటాలి. ఇష్టం ఎప్పుడో ఏడో రోజునో, పన్నెండో రోజునో వెనక నుంచి వచ్చి కలుస్తుంది. మా వైద్యుల భాషలో దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటాం, డిప్రెషన్ చికిత్సలో బాగా పరీక్షకు నిలబడ్డ పద్ధతుల్లో ఇదొకటి. ‘ఈ రోజు అస్సలు వల్ల కాదు’ అనిపించిన రోజున గేటు దాకా వెళ్లి వచ్చేయండి. అది కూడా ఆ రోజు నడకే.

ధ్యానం ఇప్పుడు వద్దు. నేను దానికి వ్యతిరేకిని కాదు. కానీ మనసు బాగా కుంగి ఉన్నప్పుడు కళ్లు మూసుకుని కూర్చుంటే కొందరిలో పాత తలపులే గింగిరాలు కొడతాయి. తేరుకున్నాక మొదలుపెట్టండి. యోగా, ప్రాణాయామం, పుస్తకం కూడా అప్పుడే.

కృతజ్ఞతల డైరీ మీద చాలాసేపు ఆలోచించాను. ఏదీ బాగా లేదనిపిస్తున్న మనిషిని రోజూ ఐదు మంచి విషయాలు రాయమంటే అది పరీక్ష పేపరులా ఉంటుంది. మీరు గుమస్తా కాబట్టి ఇంకో పద్ధతి చెబుతాను. డిప్రెషన్ పట్టిన మనసు ఖర్చులన్నీ రాసి జమలు రాయదు. ‘ఈ రోజంతా వృథా’ అని రాత్రికి నిల్వ తేల్చేస్తుంది. కాబట్టి ఒక చిన్న చిట్టా పెట్టండి. పని చేసిన వెంటనే ఒక్క లైను: ఏం చేశాను, చేయక ముందు మనసు పదికి ఎంత, చేశాక ఎంత. ‘లైను చివరిదాకా నడక, ముందు 2, తర్వాత 3.’ ‘బావమరిదికి ఫోన్, ముందు 3, తర్వాత 3.’ ‘ఫోనులో గంటసేపు వీడియోలు, ముందు 4, తర్వాత 2.’ రెండు వారాలకు పేజీ తిరగేస్తే ఏ పని మిమ్మల్ని లేపుతోందో, ఏది ముంచుతోందో మీ చేతిరాతలోనే కనిపిస్తుంది. వచ్చే రివ్యూకి ఆ చిట్టా మీ డాక్టరుకు చూపించండి. మా దగ్గరికి వచ్చి ‘అలాగే ఉందండీ’ అనే పేషెంట్ల కన్నా ఇలా కాగితం తెచ్చేవాళ్లతో మా పని సులువవుతుంది.

తిండి విషయం క్లుప్తంగానే. డిప్రెషన్‌ను తగ్గించే ప్రత్యేకమైన వంట ఏదీ లేదు, గోంగూరకూ కారానికీ ఏ దోషమూ లేదు. వేళకు తినండి. టిఫిను ఎగ్గొట్టి టీతో సరిపెట్టే అలవాటుంటే అది మానండి. థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు ఇప్పటిదాకా చేయించకపోతే చేయించండి. థైరాయిడ్ తగ్గినా, బీ12 లోపించినా ఇలాంటి నీరసం, దిగులే ఉంటాయి.

మీ ఆవిడకు ఒక మాట. అమ్మా, మీరు ప్రేమతోనే అన్నారు. కానీ ‘గట్టి చేసుకోండి’ అన్న మాట ఆయన చెవిలో ‘మీరు బలహీనులు’ అని పడుతుంది. దాని బదులు పొద్దున ‘ఏవండీ, పదండి, నాలుగో లైను దాకా వెళ్లొద్దాం’ అని చెప్పులు అందివ్వండి. దారిలో మాట్లాడకపోయినా పర్లేదు. వచ్చేసారి డాక్టరు దగ్గరికి మీరూ వెళ్లండి. ఇంట్లో మీరు చూసేవి ఆయన చెప్పలేకపోవచ్చు.

షావుకారుకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నమ్మకస్థుడైతే ‘ఒంట్లో బాగోలేదు, చికిత్స నడుస్తోంది, సీజన్లో అర్ధరాత్రి దాకా ఉండలేను’ అన్నంత వరకు చాలు.

మీరు రాయలేదు, అయినా అడగడం నా బాధ్యత. ‘చనిపోతే బాగుండు’ అన్న ఆలోచన ఎప్పుడైనా వస్తోందా? వస్తుంటే రివ్యూ తేదీ దాకా ఆగకండి. ఆ రోజే ఇంట్లో చెప్పి, ఒంటరిగా ఉండకుండా, డాక్టరును కలవండి. గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రిలో) మానసిక వైద్య విభాగం ఉంది. రాత్రివేళ 14416 నంబరుకు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సర్వీసు అది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మూడింటికి మెలకువ వచ్చి గుండె బరువెక్కినా చేయొచ్చు, ప్రాణం మీదకు రావాలనేమీ లేదు.

చివరగా, మాత్ర మరిచిపోతే: గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. తర్వాతి మాత్ర టైము దగ్గరపడితే మరిచినది వదిలేసి మామూలు టైముకు ఒక్కటే వేసుకోండి. రెండూ కలిపి వేసుకోవద్దు. మాత్రల పట్టీని చిట్టా పుస్తకం పక్కనే పెట్టుకుంటే సగం మతిమరుపు అక్కడే పోతుంది.