పుస్తకం దాచవద్దు, ఎలుగుబంటిని చూపించండి

బొమ్మల పుస్తకంలోని ఎలుగుబంటిని చూసి మీ నాలుగేళ్ల అబ్బాయి రోజంతా గుర్రుమంటూ ఇల్లంతా పాకుతున్నాడనీ, ఆ పుస్తకాన్ని దాచేయాలా అనీ అడిగారు. దాచవద్దండి. రెండేళ్ల క్రితం మా అమ్మాయి విషయంలో మేమూ ఆ పొరపాటే చేయబోయాం.

మా పుస్తకంలోని ఎలుగుబంటి వెనుక కాళ్లపై నిలబడి, చేతులు పైకెత్తి అరుస్తుంది. మా అమ్మాయీ అంతే చేసేది. ఆ అరుపులకు కింది వాటాలో ఉండేవారు పైకి వచ్చి ఏమైందని అడిగారు. ఎంత చెప్పినా వినని పిల్ల, ఒక ఆదివారం ఉదయం హైదరాబాద్ బహదూర్‌పురాలోని నెహ్రూ జూలో అసలు ఎలుగుబంటిని చూసి వచ్చాక తనంతట తానే అరుపు మానేసింది. ఎందుకంటే అది అక్కడ ఒక్కసారి కూడా అరవలేదు. తల వంచుకుని, నేలను వాసన చూస్తూ అలా తిరుగుతూనే ఉంది.

మన అడవుల ఎలుగుబంటికి పై వరుసలో మధ్య పళ్లు రెండు ఉండవనీ, అది పొడవైన గోళ్లతో చెదపుట్టను తవ్వి, ముక్కు రంధ్రాలు మూసుకుని, పెదవులను గొట్టంలా చాచి, ముందు మట్టిని ఊదేసి, తరువాత ఆ పళ్ల సందులోంచి చెదలను జుర్రుకుంటుందనీ, ఆ చప్పుడు వంద మీటర్ల దూరానికి కూడా వినిపిస్తుందనీ దారిలో చెప్పాను. ఇంటికి రాగానే పళ్లెంలో మరమరాలు పోసుకుని, బోర్లా పడుకుని, ముక్కు మూసుకుని జుర్రింది, వెంటనే పొలమారింది. తప్పు నాదే, అంత వివరంగా చెప్పింది నేనే కదా! ఆనాటి నుంచి చెదలకు బదులు గిన్నెలో పలుచని రాగిజావ పెడుతున్నాం. తల్లి ఎలుగు పిల్లలను వీపు మీద మోస్తుందని తెలిశాక నా నడుముకు మాత్రం విశ్రాంతి లేదు.

మా పుస్తకం చివర ఒక బాలుడు ఎలుగుబంటిని కౌగిలించుకుంటాడు. ఆ పేజీ దగ్గర మాత్రం ఆగి, ఇప్పపూలు ఏరడానికి అడవికి వెళ్లినవారిపై అది నిజంగానే దాడి చేస్తుందని, దూరం నుంచే చూడాలని చెప్పాను.

ఇంకో పుస్తకం కొనేటప్పుడు జంతువు నోటితో, కాళ్లతో ఏం చేస్తుందో బొమ్మలో కనబడుతోందా అని చూడండి. చొక్కా తొడుక్కుని నవ్వుతూ నిలబడిన జంతువులో పిల్లలు అనుకరించడానికి ఏమీ ఉండదు. జూకు సోమవారం సెలవు. మిగిలిన రోజుల్లో తలుపులు తెరవగానే వెళ్లండి. ఎండ ముదిరాక ఎలుగుబంటి పడుకుంటే, మీవాడు నేర్చుకోవడానికి నిద్ర ఒక్కటే మిగులుతుంది. అదీ మంచిదే అంటారేమో!