రామప్ప దారిలో: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కారులో వస్తున్నాం. వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోట, రామప్ప, లక్నవరం చెరువు, బొగత జలపాతం ఒక్కరోజులో అవుతాయా? అమ్మకు మోకాళ్ల నొప్పులు.
– ఒక పాఠకురాలు, పెద్దపల్లి

బొగత తీసేయండి. అది వాజేడు మండలంలో, వరంగల్‌కు దాదాపు 140 కిలోమీటర్లు. పోయి రావడానికే రోజంతా పడుతుంది. కోటను కూడా ఇంకో రోజుకు పెట్టుకోండి. నాలుగు కీర్తి తోరణాలు, స్వయంభూ గుడి శిథిలాలు, ఖుష్ మహల్, రాతికోట, దాని బయట మట్టికోట అన్నీ నింపాదిగా చూడాల్సినవి. తోరణాల దగ్గర ఫొటో దిగి వచ్చేస్తే కోట చూసినట్టు కాదు.

హన్మకొండలో పొద్దున ఆరింటికి బయల్దేరితే ఏడున్నరకల్లా రామప్ప గుడి ఉన్న పాలంపేటలో ఉంటారు. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్‌రోడ్డు దగ్గర ఎడమకు తిరగాలి. రామప్పలో రెండు గంటలు ఉండండి. అక్కడి నుంచి గణపురం కోటగుళ్లు, అంటే కాకతీయుల నాటి గుళ్ల గుంపు, పది కిలోమీటర్ల లోపే. మళ్లీ హైవే ఎక్కి చల్వాయి దగ్గర కుడికి తిరిగితే లక్నవరం. సాయంత్రం వెనక్కి వస్తూ వేయిస్తంభాల గుడి చూడొచ్చు, అది ఊరి నడుమే ఉంది.

రామప్ప గుడి దాదాపు ఆరడుగుల పీఠం మీద ఉంటుంది. మెట్లు ఎక్కక తప్పదు, చెప్పులు కిందే విడవాలి. ఎండాకాలం పదిగంటలు దాటితే బండ కాలుతుంది. అమ్మకు మందపాటి సాక్సులు తెచ్చుకోండి. లక్నవరంలో వేలాడే వంతెన ఊగుతుంది కాబట్టి ఆమెను గట్టు మీదే కూర్చోబెట్టడం మేలు.

ప్రశ్న: రామప్ప ఇటుక నీళ్లలో తేలుతుందంటారు, నిజమేనా? లోపల నేల ఎందుకు ఎగుడుదిగుడుగా ఉంది?
– ఇంజినీరింగ్ విద్యార్థి, హన్మకొండ

నిజమే. మామూలు ఇటుక అదే పరిమాణం నీటికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువుంటుంది, అందుకే మునుగుతుంది. రామప్ప శిఖరానికి వాడిన ఇటుక నీటికంటే తేలిక. మట్టిలో ఊకలాంటి కాలిపోయే పదార్థం కలిపి కాలిస్తే, అది బూడిదై పోయిన చోట సన్నని రంధ్రాలు మిగులుతాయి. బరువు తగ్గేది అక్కడే. కింద రాతి స్తంభాలు, దూలాలు మోయాల్సిన భారం తగ్గించడానికే ఈ ఏర్పాటు. తేలుతుందా లేదా అన్నది చూసేవాళ్లకు వింత, కట్టినవాళ్లకు మాత్రం అది బరువు లెక్క.

నేల సంగతి పునాదిది. గొయ్యి తీసి, ఇసుక నింపి, దాని మీద కట్టారు. చుట్టూ కదలకుండా బిగించి ఉన్నంతకాలం ఇసుక బరువును సమంగా పంచుతుంది, భూమి అదిరితే ఆ అదురును కొంత మింగుతుంది. కానీ ఒక పక్క ఇసుక సర్దుకున్నా, నీటితో పాటు కొట్టుకుపోయినా ఆ మేరకు పైనున్న బండలు కుంగుతాయి. అందుకే ఇలాంటి గుడి చుట్టూ వాననీరు పోయే దారి పూడిపోకుండా చూడటం, పగిలిన రాయిని అతికించడమంత ముఖ్యం. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్లింది.

ఇంకో మాట. గర్భగుడి వాకిలి పక్కన వేణుగోపాలుడి చెక్కడాన్ని వేళ్లతో కొట్టి స్వరాలు వినిపిస్తామంటారు. మీరు కొట్టకండి, కొట్టమని అడగకండి. రోజూ వందలమంది వేళ్ల చెమట, జిడ్డు, తాకిడి పడితే ఎంత గట్టి రాయైనా అరుగుతుంది.

ప్రశ్న: రామప్ప గుడి చూరు కింది మదనికల (స్త్రీ శిల్పాల) ఫొటోలు ఫోన్‌లో మసిబొగ్గులా వస్తున్నాయి.
– పాఠకుడు, జమ్మికుంట

గుడి ఎర్రఛాయ ఇసుకరాయి, మదనికలు నల్లరాయి. అవి చూరు కిందే ఉంటాయి కాబట్టి, కింద నిలబడి పైకి తీస్తే వెనక ఆకాశం పడుతుంది. ఫోన్ ఆకాశం వెలుతురుకు సర్దుకుని బొమ్మను చీకటి చేస్తుంది. నాలుగడుగులు పక్కకు జరిగి, వెనక చూరు రాయే వచ్చేలా నిలబడండి. బొమ్మ మీద వేలు పెట్టి ఫోకస్ చేయండి. ఆకాశం పోయాక రాయి బూడిదరంగుకు తిరిగితే ఫోన్ తెర మీది వెలుతురు గుర్తును కొంచెం కిందికి జరపండి, నునుపు తేలుతుంది. గుడి తూర్పుముఖం కాబట్టి పొద్దున వాలు ఎండ చూరు కిందికి దూరేది ముందువైపే. మధ్యాహ్నం పన్నెండుకు ఏ వైపు తీసినా నీడే. డ్రోన్ తేవద్దు, ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి ఉండాలి.

ప్రశ్న: కోటగుళ్లు చూడదగ్గవేనా?
– పాఠకురాలు, హుజూరాబాద్

తప్పకుండా. ఒకే ప్రాకారంలో చిన్నా పెద్దా గుళ్ల గుంపు, చాలావరకు శిథిలం. రామప్ప చూసిన కళ్లతో అదే రోజు చూస్తే కాకతీయుల చూర్లు, దూలాలు ఎలా కూర్చారో విడిపోయిన రాళ్లలో కనిపిస్తుంది. వానాకాలం గడ్డిలో కాలు చూసి వేయండి.

ప్రశ్న: బొగతకు ఎప్పుడు పోవాలి?
– కళాశాల మిత్రులు, మంచిర్యాల

వానలు తగ్గుముఖం పట్టాక, సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా. జులై, ఆగస్టుల్లో నీటి జోరు చూడముచ్చటగానే ఉంటుంది, కానీ పైన అడవిలో వాన పడితే మీ దగ్గర చినుకు లేకున్నా వాగు ఒక్కసారిగా పెరుగుతుంది. నీళ్లు ఎర్రబడ్డా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కాలి. అటవీ సిబ్బంది దిగొద్దంటే బతిమాలకండి. పాచిపట్టిన బండ మీద రబ్బరు చెప్పులు ఆగవు. ఏటూరునాగారం దాటి ముల్లకట్ట వంతెన మీదుగా గోదావరి అవతలికి పోవాలి. పెట్రోలు ములుగులోనో ఏటూరునాగారంలోనో పోయించుకోండి. అడవి దారి కాబట్టి చీకటిపడక ముందే తిరుగు ప్రయాణం పెట్టుకోండి.

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. 2024, 2026లో జరిగింది. ఆ రోజుల్లో ములుగు, పస్రా, తాడ్వాయి రోడ్లన్నీ జాతర బండ్లవే. అమ్మవార్ల దర్శనానికైతే వెళ్లండి, రామప్ప, లక్నవరం, బొగత కోసమైతే ఆ వారం మానుకోండి.