ఆ ఫోన్ సంగతి అమ్మకి తెలియదు

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు బ్రాడీపేట. నాలుగు నెలల క్రితం మా తమ్ముడు విజయవాడ నుంచి బైక్ మీద వస్తూ యాక్సిడెంట్‌లో పోయాడు. ఆదివారం వస్తానన్నవాణ్ని ‘శనివారమే రారా’ అని ఫోన్ చేసింది నేనే. అమ్మకి ఆ సంగతి తెలియదు. నాకు రాత్రిళ్ళు నిద్ర లేదు. మొన్న ‘ది సన్స్ రూమ్’ అనే ఇటాలియన్ సినిమా చూసి చాలాసేపు ఏడ్చాను. అమ్మకి కూడా చూపించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. నానీ మోరెట్టి తీసిన ఆ సినిమాకి 2001లో కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి వచ్చింది. మీరెక్కడ ఏడ్చారో ఊహించగలను. కొడుకుతో జాగింగ్‌కి వెళ్దామనుకున్న ఆదివారం, పేషెంట్ ఫోన్ చేస్తే తండ్రి అటు వెళ్తాడు. కొడుకు సముద్రంలో డైవింగ్‌కి వెళ్ళి ప్రాణం పోగొట్టుకుంటాడు. పదిమంది మనోవేదనా విని ధైర్యం చెప్పే డాక్టర్ ఆ తండ్రి. అయినా ‘ఆ రోజు వెళ్ళకుండా ఉంటే’ అన్న దగ్గరే తిరుగుతూ ఉండిపోతాడు.

పన్నెండేళ్ళ క్రితం మావారు పొద్దున్నే పాల ప్యాకెట్‌కి వెళ్ళి, సత్యనారాయణపురంలో మా వీధి చివరే కుప్పకూలిపోయారు. గుండెపోటు. ముందురోజు రాత్రి ఎడమ చెయ్యి లాగుతోందంటే ‘గ్యాస్ అయ్యుంటుంది, వాము నీళ్ళు తాగండి’ అన్నాను. ఆ మాట అత్తయ్యకి చెప్పడానికి ఏడాది పట్టింది. సంవత్సరీకం నాడు, గారెలకి పప్పు రుబ్బుతూ చెప్పేశాను. ఆవిడ చెయ్యి కడుక్కొచ్చి నా పక్కన కూర్చున్నారు. ‘నాతోనూ అన్నాడే. నేనూ గ్యాసే అనుకున్నా’ అన్నారు. ఏడాదంతా ఒకే ఇంట్లో ఉండి ఇద్దరం అదే మాట దాచుకున్నాం.

ముందు ఆ ఫోన్ సంగతి మీరే చెప్పండి, సినిమా చూపించి అర్థం చేసుకోమనకండి. అమ్మకి కోపం రావచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. అయినా పక్కనే ఉండండి. తమ్ముణ్ని త్వరగా చూడాలనేగా పిలిచారు, అదీ చెప్పండి. నిద్ర గురించి మాత్రం ఆలస్యం చేయకండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

సినిమాలో కొడుకు స్నేహితురాలు వచ్చి, అతను తన గదిలో తీసుకుని పంపిన ఫోటోలు చూపిస్తుంది. తల్లిదండ్రులు ఎన్నడూ చూడని ఫోటోలు. మీ తమ్ముడి విజయవాడ స్నేహితుల్ని ఒక ఆదివారం భోజనానికి పిలవండి. వాళ్ళ ఫోన్లలో ఉన్న వాడి ఫోటోలు అమ్మకి చూపించమనండి.