ఒడిస్సీ తెరకెక్కితే ఏది మిగలాలి?

ప్రశ్న: ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యం ‘ఒడిస్సీ’ని ఈమధ్యనే అనువాదంలో చదివాను. నేను చూసిన ఒక తెర రూపంలో కథ ట్రాయ్ యుద్ధంతో మొదలై, ఒంటికంటి రాక్షసుడు, మనుషులను జంతువులుగా మార్చే మంత్రగత్తె సర్సీ, పాటతో నావికులను చావుకు లాగే సైరెన్లు అంటూ వరుసగా సాగింది. కావ్యంలో ఆ వరుస లేదు. సంఘటనలన్నీ ఉన్నప్పుడు మూలాన్ని గౌరవించినట్టే కదా?

జవాబు: నేను అలా అనుకోను. ఆ కావ్యం గొప్పతనంలో సగం సంఘటనలను చెప్పిన తీరులోనే ఉంది. సుమారు 12,100 పంక్తులు, 24 సర్గలు ఉన్న ఒడిస్సీలో మొదటి 4 సర్గల దాకా నాయకుడు, అంటే ట్రాయ్ యుద్ధం ముగిశాక ఇంటికి చేరలేకపోయిన ఇథాకా దీవి రాజు ఒడిస్సియస్, మన కంటికి కనిపించడు. తండ్రి బతికి ఉన్నాడో లేడో తెలియక, తల్లిని పెళ్ళాడతామంటూ ఇంట్లో తిష్ఠ వేసి ఆస్తి తినేస్తున్న 108 మంది మధ్య నలిగిపోతున్న అతని కొడుకు టెలిమాకస్ కనిపిస్తాడు. ఆ ఇంట్లో ఒక మనిషి లేని లోటు ఎంతటిదో మనకు పూర్తిగా తెలిసిన తరువాతనే, ఐదో సర్గలో, అతనిని ఆపి ఉంచిన దేవకన్య కలిప్సో దీవి ఒడ్డున సముద్రం వైపు చూస్తూ ఏడుస్తున్న ఒడిస్సియస్ ఎదురవుతాడు.

మీరు చెప్పిన రాక్షసులు, మాయలు దాదాపుగా 9 నుంచి 12 వరకు ఉన్న సర్గలలోనివి. వాటిని చెబుతున్నది కవి కాదు, దారిలో ఆశ్రయమిచ్చిన ఫీయేషియన్లనే జనం కొలువులో అతిథిగా కూర్చున్న ఒడిస్సియస్. అతని సహచరులంతా అప్పటికే మరణించారు కనుక సాక్ష్యం చెప్పేవారు లేరు. నువ్వు అబద్ధాలకోరులా లేవు, గాయకుడిలా నేర్పుగా చెబుతున్నావు అని వారి రాజు ఆల్కినూస్ అతనిని మెచ్చుకుంటాడు. ఆ మనిషే ఇథాకా చేరాక తాను క్రీటు దీవి నుంచి వచ్చానంటూ ఒక్కొక్కరికి ఒక్కో కట్టుకథ వినిపిస్తాడు. అతను చెప్పినదంతా నిజమేనా అన్న సందేహానికి కవి కావాలనే చోటిచ్చాడని నా నమ్మకం. రాక్షసుడిని కెమెరా తానే చూసినట్టు చూపిస్తే ఆ సందేహానికి చోటుండదు. గుహలోని దృశ్యం మధ్యలో ఒక్కసారి కొలువుకు తిరిగివచ్చి, వింటున్నవారి ముఖాలు చూపించినా చాలు, ఇది ఒకరు చెబుతున్న కథ అని ప్రేక్షకుడికి గుర్తుంటుంది.

ఇక 13వ సర్గ నుంచి, అంటే దాదాపు సగం కావ్యం, ఎక్కువగా ఇథాకాలోనే నడుస్తుంది. ఆ సగాన్ని కుదించడమే నాకు అన్నిటికన్నా పెద్ద నష్టంగా తోస్తుంది. 17వ సర్గలో ముసలి కుక్క ఆర్గోస్ గుమ్మం ముందు పేడకుప్ప మీద, ఒళ్ళంతా గోమార్లతో పడి ఉంటుంది. బిచ్చగాడి వేషంలో వచ్చిన యజమానిని, అతను ఇల్లు విడిచిన ఇరవయ్యో ఏట, అది గుర్తుపడుతుంది. తోక ఆడిస్తుంది, చెవులు వాలుస్తుంది, దగ్గరికి రావడానికి మాత్రం ఓపిక లేదు. అతనూ దాని దగ్గరికి వెళ్ళలేడు, వెళితే గుట్టు బయటపడుతుంది. పక్కనున్న పందుల కాపరి యూమియస్ కంట పడకుండా కన్నీరు తుడుచుకుని, ఈ కుక్కకు రూపానికి తగ్గ వేగం కూడా ఉండేదా అని అడుగుతాడు. ఆ తరువాత కుక్క చనిపోతుంది. ఇక్కడ నాయకుడు మోకాళ్ళ మీద కూలబడి దానిని కావలించుకున్నట్టు తీస్తే, సంఘటన మిగులుతుంది గాని కావ్యం మిగలదు.

అలాగే 22వ సర్గలో పన్నెండు మంది దాసీలను టెలిమాకస్ ఉరితీసిన ఘట్టాన్ని, నాయకుల మీద అభిమానం తగ్గుతుందన్న భయంతో వదిలేయకూడదు. హోమర్ దానిని దాచలేదు.

ప్రశ్న: ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన మరో కావ్యం ‘ఇలియడ్’ను తీసేటప్పుడు దేవతలను తొలగిస్తే ఈనాటి ప్రేక్షకుడికి దగ్గరవుతుంది కదా?

జవాబు: 2004లో వచ్చిన ‘ట్రాయ్’ చిత్రం దాదాపుగా ఆ పనే చేసింది. దానివల్ల యుద్ధం మనుషుల రాజకీయంగా మిగిలింది. కానీ ఇలియడ్‌లో దేవతలు కథకు పైపూత కారు. మొదటి సర్గలో గ్రీకు సేనాధిపతి అగమెమ్నాన్‌ను చంపడానికి గ్రీకు వీరుడు అకిలీస్ కత్తి దూస్తూ ఉండగా, ఎథీనా దేవత వెనక నుంచి వచ్చి అతని జుట్టు పట్టుకుంటుంది. ఆమె అతనికి తప్ప ఆ సభలో మరెవరికీ కనిపించదు. దీనికి పెద్ద హంగులేమీ అక్కరలేదు. కోపంతో ఊగిపోతున్న ఒక మనిషి తల ఉన్నట్టుండి వెనక్కి లాగినట్టు కదిలి, అతను తిరిగి చూసి, సగం దూసిన కత్తిని మళ్ళీ ఒరలోకి తోస్తే చాలు.